గిద్దెలు, తవ్వలు – బిట్లు, బైట్లు

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



ఢిల్లీలో ప్రభుత్వోద్యోగుల నివాసములందు కాపురమున్న ఒక తెలుగు కుటుంబము కథతో ఈ ప్రసంగమును ప్రారంభించుట ఉచితము. గృహస్థు ఒక మంత్రిత్వశాఖలో సెక్షన్ ఆఫీసరు. ప్రయాణభత్యపు బిల్లులో అర్ధరూపాయి తేడా ఉన్నను కనిపెట్టగల దృష్టి ఆయనది. ఇంటికి ఇంటర్నెట్టు తీగ వేయించుకొన్నప్పుడు కంపెనీవారు సెకనుకు 100 చొప్పున ఇచ్చెదమని చెప్పిరి. ఆయన కాగితము చదివి, సంతకము చేసి, సొమ్ము చెల్లించెను. ఆ రాత్రి కుమారుడు కళాశాల పాఠములను కంప్యూటరులోనికి దింపుకొనుచుండగా తెరమీద వేగము 11.3 అని కనబడెను. ఆయన కండ్లద్దములు సవరించుకొని మరల చూచెను. 11.3 యే. నూటికి పదకొండు! పాలవాడు నూరు పాళ్ళలో ఎనుబదితొమ్మిది పాళ్ళు నీళ్ళు పోసినచో ఏ ఇల్లాలైనను ఊరకుండునా?

మరునాడే ఫిర్యాదు పోయెను. ఫిర్యాదు వ్రాయుటలో సెక్రటేరియట్ ఉద్యోగికి ఒకరు నేర్పవలసిన పనిలేదు. కంపెనీ మనిషి వచ్చి, గోడకు బిగించిన పెట్టెకు తన పరికరము తగిలించి, అందులో 100 కనబడుటను చూపి, ‘వేగము సరిగనే ఉన్నది’ అను కాగితము మీద సంతకము తీసికొని పోయెను. ప్లాను చిన్నది కాబోలునని గృహస్థు కొన్నాళ్ళకు 200 ప్లానుకును, తరువాత 300 ప్లానుకును మారెను. నెలనెలా కట్టు సొమ్ము పెరిగెను. తెరమీద 11.3 మాత్రము కదలలేదు. పదునాలుగు నెలలు ఇట్లు గడచిన పిమ్మట మరల ఫిర్యాదు వ్రాసెను. కంపెనీవారు పాత కాగితము తిరుగవేసి, ‘ఈ చందాదారుని పూర్వపు ఫిర్యాదు నిరాధారమని తేలినది’ అని చూచుకొని, కొత్త ఫిర్యాదును గూడ మూసివేసిరి.

ఇందులోని వింత యేమనగా, మొదటి ఫిర్యాదు నాడు 11.3 అను అంకె న్యాయమైనది. ఎవ్వరును ఎవ్వరిని మోసగింపలేదు. రెండవ ఫిర్యాదు నాడు అదే 11.3 అన్యాయమైనది, ఆ యింటికి రావలసినది సుమారు 34. అంకె ఒకటియే. మొదట అనవసరముగా అరచినందున, తరువాత అవసరమైనప్పుడు అరచినను వినువారు లేకపోయిరి. ఈ పదునాలుగు నెలల సొమ్ము ఎక్కడ పోయినదో తెలియవలెనన్నచో, తంతి తీగలవారి కొలత వేరు, కంప్యూటరు తెర కొలత వేరు అను సంగతిని ముందు తెలిసికొనవలెను.

మన పల్లెలలో ధాన్యపు కొలతలు జ్ఞాపకమున్న పెద్దలు ఈ సభలో కొందరైనను ఉందురు. నాలుగు గిద్దెలు సోల. రెండు సోలలు తవ్వ. రెండు తవ్వలు మానిక. నాలుగు మానికలు కుంచము. అనగా తవ్వకు 8 గిద్దెలు. ఒక వర్తకుడు నిమిషమునకు 100 గిద్దెల బియ్యము పోసెదనని ఒప్పుకొన్నాడనుకొందము. ఇంటి ఇల్లాలు తవ్వతో కొలుచుకొనగా నిమిషమునకు 12 తవ్వలును ఒక సోలయు వచ్చును. ‘నూరన్నాడు, పన్నెండున్నరయే పోసినాడు’ అని ఆమె వీధిలోనికి వచ్చి కేకలు వేసినచో తప్పెవరిది? వర్తకుడు అబద్ధమాడలేదు, ఇల్లాలు తప్పుగా కొలువలేదు. ఇద్దరి చేతులలోని పాత్రలు వేరు, అంతే.

ఇంటర్నెట్టు వ్యవహారములో గిద్దె వంటిది బిట్టు. తవ్వ వంటిది బైటు. ఔను, కాదు అను రెండింటిలో ఒకదానిని తెలుపు కనీసపు సమాచారము బిట్టు. దానిని 1, 0 అను అంకెలతో గుర్తింతురు. ఎనిమిది బిట్లు ఒక బైటు. ఇంగ్లీషు అక్షరము ఒకటి ఒక బైటులో ఇముడును. తెలుగు వ్రాతకు ఇంటర్నెట్టులో నేడు ఎక్కువగా వాడుచున్న పద్ధతిలో ప్రతి హల్లునకును, దానికి తగిలించు ప్రతి గుణింతపు గుర్తునకును మూడేసి బైట్లు పట్టును. ‘తెలుగు’ అను మూడక్షరముల మాటలో మూడు హల్లులు, మూడు గుర్తులు కలవు. కావున 18 బైట్లు, అనగా 144 బిట్లు. అదే మాటను ఇంగ్లీషు అక్షరములలో వ్రాసినచో 6 బైట్లు చాలును. మన భాష తీగమీద పోవునప్పుడు మూడింతల బరువు మోసికొని పోవుచున్నదన్న మాట. అయినను ఒక చిన్న ఫొటో బరువులో అది లెక్కకు రాదు.

కంపెనీ చెప్పిన 100 సెకనుకు 100 మెగాబిట్లు. తెరమీది 11.3 సెకనుకు 11.3 మెగాబైట్లు. మెగా యనగా పది లక్షలు. రెండింటికిని నడుమ ఎనిమిదింతల భేదము కలదు.

ఒకే వస్తువునకు రెండు కొలతలు ఎందుకు వచ్చినవి? జవాబు చరిత్రలో ఉన్నది. మన దేశమున తంతి విద్య చాల పాతది. ఓషాగ్నెస్సీ అను వైద్యుడు 1839లోనే కలకత్తాలో తీగలు కట్టి ప్రయోగము చేసెను; కలకత్తానుండి డైమండ్ హార్బరు వైపు తంతి మార్గము 1850లో ఆరంభమయ్యెను. ఆ సేవ 2013 జూలైలో ముగిసెను. తీగకు అక్షరమెక్కడ మొదలై ఎక్కడ ముగియునో తెలియదు. దానికి తెలిసినది ఒక స్పందము, దాని వెనుక మరియొక స్పందము. ఎమిల్ బోదో అను ఫ్రెంచి తంతి ఉద్యోగి 1874లో పేటెంటు పొందిన లిపిలో అక్షరమునకు ఐదు స్పందములు. 1963లో అమెరికాలో ఏర్పడిన ఆస్కీ లిపిలో ఏడు. అక్షరపు కొలత ఇట్లు మారుచుండగా తీగవాడు అక్షరములలో లెక్క చెప్పిన నిలుచునా? కావుననే వాడు మొదటినుండియు సెకనుకు ఎన్ని స్పందములు పోవుననియే చెప్పుచు వచ్చెను.

ప్రభుత్వ కార్యాలయములలో టకటకలాడిన టెలిప్రింటర్లను చూచినవారు కొందరు ఇంకను కలరు. దాని తీగమీద సెకనుకు 50 స్పందములు పోయెడివి. అక్షరమునకు ఐదే కదా, సెకనుకు పది అక్షరములు వచ్చునని లెక్కకట్టినవాడు పొరపడినట్లే. ప్రతి అక్షరమునకు ముందు ‘ఇదిగో వచ్చుచున్నది’ అని తెలుపు స్పందమొకటి, వెనుక ‘అయినది’ అని తెలుపుటకు ఒకటిన్నర స్పందముల కాలము ఉండెడివి. ఐదు కాదు, ఏడున్నర. నిమిషమునకు 600 అక్షరములకు మారుగా 400 వచ్చెడివి. తీగమీద పోవునదంతయు చేతికి రాదను సంగతి నాటినుండియు ఉన్నదే.

ఇక కంప్యూటరువారి వంశము వేరు. వారికి ముఖ్యము ప్రవాహము కాదు, నిలువ. గాదెలో ధాన్యమువలె సమాచారమును అరలలో పెట్టి, అరకొక సంఖ్య వేసి, కావలసినప్పుడు తీసికొనవలెను. ఒక్కొక్క బిట్టునకు ఒక అర పెట్టినచో అరలే కొండంత అగును. క్లాడ్ షానన్ 1948లో ప్రకటించిన ప్రసిద్ధ వ్యాసములో బిట్టు అను మాటను వాడి, ఆ మాట జాన్ ట్యూకీ సూచించినదని చెప్పెను. బైటు అను మాటను 1956లో ఐ.బి.ఎం. సంస్థలో వెర్నర్ బుక్‌హోల్జ్ కల్పించెను. కొరుకుడుముక్క అను అర్థము గల ఇంగ్లీషు మాటకు అది వికృతి. ఉన్నదున్నట్లు వ్రాసినచో ఒక్క అక్షరము జారినంతనే బిట్టుతో కలిసిపోవునని బుద్ధిపూర్వకముగ వర్ణక్రమము మార్చిరి. ఆ జాగ్రత్త మాటను కాపాడెను గాని, పొట్టి గుర్తును కాపాడలేదు. ఆ సంగతి ముందు వచ్చును. 1964లో అదే సంస్థవారు ప్రకటించిన సిస్టమ్ 360 యంత్రములతో బైటునకు ఎనిమిది బిట్లు అను వాడుక స్థిరపడెను.

ఈ రెండు వృత్తులవారు చాలకాలము ఒకరి వాకిలి ఒకరు తొక్కలేదు. టెలిఫోను కంఠస్వరమును అంకెలుగా మార్చునప్పుడు సెకనుకు 8,000 పర్యాయములు కొలిచి, ప్రతి కొలతను 8 బిట్లలో వ్రాయుదురు; 64 కిలోబిట్లు అను సుప్రసిద్ధమైన అంకె అట్లు పుట్టినదే. దానిని ఎనిమిది కిలోబైట్లని పిలువవలసిన అవసరము ఏ టెలిఫోను ఇంజనీరుకును రాలేదు. మన దేశమున 1995 ఆగస్టు 15న ప్రజలకు ఇంటర్నెట్టు సేవ ఆరంభమైన పిమ్మట, తీగవాని గిద్దెయు, కంప్యూటరువాని తవ్వయు ఒకే బల్లమీద ఎదురుపడినవి. బిల్లు ఒకని భాషలో, తెర మరియొకని భాషలో. నడుమ దుబాసీ లేడు.

నూరును ఎనిమిదిచే భాగించినచో 12.5 రావలెను గదా, 11.3 ఎందుకు వచ్చినదని కొందరు ఈపాటికి లెక్కకట్టియుందురు. ఆఫీసులో వారికి ఇది సులభముగా బోధపడును. ఒక పుట ఉత్తరమునకు కవరు, చిరునామా, రసీదు సంఖ్య, డిస్పాచి ముద్ర లేక పని జరుగదు. తీగమీద పోవు సమాచారమును గూడ ముక్కలుగా కోసి, ముక్కముక్కకు కవరు తొడిగి పంపుదురు. సామాన్యముగా తీగమీద 1,538 బైట్ల చోటు పట్టు ప్రతి కట్టలో అసలు సరుకు 1,460 బైట్లు. మిగిలిన 78 బైట్లు కవరు, చిరునామా, రెండు కట్టల నడుమ విరామము. ఆ లెక్కన 100 లో చేతికి వచ్చునది 94.9. దానిని ఎనిమిదిచే భాగించినచో 11.87.

ఇంకను అర మిగిలినది. అది వేయి అను మాటమీది తగవు. తీగవారికి కిలో అనగా 1,000, సందేహము లేదు. కంప్యూటరు అరలు రెట్టింపులలో పెరుగును గనుక, వేయికి దగ్గరనున్న 1,024 ను వారు కిలో అనుట అలవాటు చేసికొనిరి. చిన్న తేడాయే గదా యనుకొన్నచో, అది వడ్డీవలె పెరుగును: కిలోలో నూటికి 2.4, మెగాలో 4.9, గిగాలో 7.4, టెరాలో దాదాపు 10. ఒక టెరాబైటు అని పెట్టెమీద అచ్చువేసిన డిస్కును కంప్యూటరునకు తగిలించినప్పుడు 931 గిగాబైట్లని కనబడుట ఇందువలననే. పూర్వము వాడిన 1.44 మెగాబైట్ల ఫ్లాపీలో మరియొక చిత్రము: అందులోని మెగా 1,000 ను 1,024 చే గుణించినది, అనగా రెండు మతములకును చెందనిది. ఊరికొక శేరు చెల్లిన కాలమును నవ్వుకొను అధికారము మనకు లేదు. ఈ గందరగోళము తీర్చుటకై అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘము 1998లో 1,024 లెక్కకు కిబి, మెబి, గిబి అను వేరు పేర్లు పెట్టెను. కొన్ని యంత్రములు వానిని పాటించుచున్నవి. పెక్కు తెరలు ఇప్పటికిని పాటించుటలేదు. ఆ యింటి తెర 1,024 మతమునకు చెందినది. 11.87 ఆ లెక్కలో 11.3 అయినది. దశాంశముతో సహా సరిపోయినది.

ఇంట్లో ఇంత లెక్క వేయుట కష్టము. నోటిలెక్కకు ఒక మార్గము కలదు: తీగవాని అంకెను తొమ్మిదిచే భాగించిన చాలు. కవరు బరువు, 1,024 తగవు రెండును సుమారుగా అందులోనే ఇమిడిపోవును. 100 కు 11, 300 కు 33. పాత టెలిఫోను మోడెములకు పదిచే భాగించెడివారు. టెలిప్రింటరువలెనే ప్రతి బైటునకు ముందొకటి వెనుకొకటి స్పందము చేరి పది అయ్యెడివి. ఎనిమిది న్యాయమైన భాజకము; తొమ్మిది సంసారపక్షము.

ఇక తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి. ఇంగ్లీషులో ‘బి’ అను అక్షరమును చిన్నదిగా వ్రాసినచో బిట్టు, పెద్దదిగా వ్రాసినచో బైటు. భేదమంతయు ఆ ఒక్క అక్షరపు ఆకారమున ఉన్నది. మన లిపిలో పెద్దక్షరము, చిన్నక్షరము అను భేదమే లేదు. ‘ఎంబీపీఎస్’ అని వ్రాసిన క్షణముననే ఎనిమిదింతల సంగతి మాయమగును. పత్రికలలో, ప్రకటనలలో రెండింటికిని ఇదే వ్రాత. ఇంగ్లీషు ప్రకటనలలో గూడ అజాగ్రత్తగా ఒకదానికొకటి వేయుట కద్దు. అక్కడ అది తప్పు, సవరించుటకు వీలున్నది. తెలుగులో తప్పని చెప్పుటకైనను ఆధారము మిగులదు. మెగాబిట్లు, మెగాబైట్లు అని పూర్తిగా వ్రాయుటకు రెండక్షరముల సిరా ఎక్కువ ఖర్చగును. తెలుగు పత్రికలవారు ఆ ఖర్చు భరించుట మంచిది.

కొలత సరిచూచుకొన్న తరువాత దారి చూడవలెను. వీధి ఎంత వెడల్పైనను ఇంటిలోనికి బండి రావలసినది గుమ్మములోనుండియే. ఇంటర్నెట్టునకు గుమ్మములు చాల ఉన్నవి; ప్రతి గుమ్మముమీదను ఒక అంకె వ్రాసియుండును. వానిలో మిక్కిలి గొప్పలు చెప్పుకొనునది వైఫై పెట్టె. పెట్టెమీద 1,200 అని ఉండును. విప్పి చూచినచో అది ఒక తరంగములో 300, మరియొక తరంగములో 867, కలిపి పై అంకెకు సరిచేసినది. ఒక ఫోను ఒక సమయమున సామాన్యముగా ఒక తరంగములోనే నడచును. రెండు వీధుల వెడల్పును కలిపి ఒక బాటసారికి చూపినట్లున్నది. ఆపైన గాలి అందరిది; ఒకరు మాట్లాడునప్పుడు తక్కినవారు ఆగవలెను. గోడలు, పొరుగువారి పెట్టెలు వేరే అడ్డు. చెప్పినదానిలో సగము చేతికి వచ్చిన అదృష్టమే.

యు.ఎస్.బి. గుమ్మము నిజాయితీ గలదే గాని, దాని లెక్కయు బిట్లలోనిదే. 2000 సంవత్సరమున వచ్చిన రెండవ తరమునకు 480 మెగాబిట్లు, అనగా 60 మెగాబైట్లు. కవరు ఖర్చులు పోగా 35, 40 చేతికి వచ్చిన గొప్ప. 2008లో వచ్చిన మూడవ తరమునకు 5 గిగాబిట్లు. ఎనిమిదిచే భాగించి 625 మెగాబైట్లు వచ్చునని సంతోషింపరాదు. అందు ప్రతి ఎనిమిది బిట్లను పది బిట్లుగా మార్చి పంపుదురు గనుక, పదిచే భాగించి 500 అనుకొనవలెను. తీగ గుమ్మమైన ఈథర్నెట్టు అన్నిటిలోను నమ్మదగినది. అందులో ముఖ్యముగా రెండు పరిమాణములు ఇండ్లలో కనబడును: సెకనుకు 100 మెగాబిట్లది, 1,000 మెగాబిట్లది. తీగలో ఎనిమిది సన్నని తంతులుండును. నూరు మెగాబిట్లకు వానిలో నాలుగు చాలును. వేయికి ఎనిమిదియు కావలెను. ఈ సంగతిని శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెను. ఢిల్లీ కాపురమునకు తిరిగి పోయినప్పుడు పనికివచ్చును.

సెల్‌ఫోను ప్లానులో రెండు కొలతలును ఒకే ప్రకటనలో కూడియుండుట మరియొక విశేషము. రోజుకు 2 గిగాబైట్లు అను పరిమితి తవ్వలలో, వేగము గిద్దెలలో. సెకనుకు 40 మెగాబిట్లు వచ్చు ఫోనులో ఆ వేగము నిజముగా నిలిచినచో, సెకనుకు 5 మెగాబైట్ల చొప్పున ఆ రోజు భత్యమంతయు 400 సెకండ్లలో, అనగా ఏడు నిమిషములు నిండకుండ, హరించుకొని పోవును. మిగిలిన ఇరువదిమూడు గంటల ఏబదిమూడు నిమిషములును కొన్ని ప్లానులలో 64 కిలోబిట్లతో గడుపవలెను. అది సెకనుకు 8 కిలోబైట్లు. రెండు మెగాబైట్ల ఫొటో ఒకటి రావలెనన్నచో నాలుగు నిమిషములకు పైగా కాచుకొనవలెను. వేగమును హెచ్చుగా చూపి అమ్మువాడు ఈ భాగాహారమును ప్రకటనలో అచ్చువేయడు.

ప్రభుత్వపు లెక్కయు బిట్లలోనే నడచినది. బ్రాడ్‌బ్యాండు అని పిలిపించుకొనుటకు కనీసము సెకనుకు 256 కిలోబిట్లు ఉండవలెనని 2004 విధానము నిర్ణయించెను. 2013లో అది 512 అయ్యెను. 2023లో 2 మెగాబిట్లయ్యెను. మూడును బైట్లలో చెప్పినచో 32 కిలోబైట్లు, 64 కిలోబైట్లు, 250 కిలోబైట్లు. ఇంటి భాషలో చెప్పవలెనన్నచో ఒక ఉదాహరణ తీసికొందము: బిడ్డ నాట్యప్రదర్శన వీడియో, 6 గిగాబైట్లు. 2004 నాటి కనీసపు వేగమున అది దిగుటకు 52 గంటలు. 2023 నాటి కనీసపు వేగమున 6 గంటల 40 నిమిషములు. నూరు మెగాబిట్లలో 8 నిమిషములు. మెగాబిట్టు మెగాబైటు ఒకటేయని భ్రమించినవానికి ఈ 8 నిమిషములు ఒక్క నిమిషమై కనబడును. ఏడు నిమిషములు అన్యాయముగా కాచినట్లు తోచును.

ఈ నాట్యప్రదర్శన వట్టి ఉదాహరణ కాదు. ఢిల్లీ గృహస్థుని కుమార్తెది కూచిపూడి ఆరంగేట్రము. ఆమె అమ్మమ్మ తెనాలిలో ఉన్నది. కాలు విరిగి మంచము దిగలేని స్థితి. మనుమరాలికి మొదటి అడుగులు నేర్పించినది ఆవిడయే, ప్రదర్శనకు రాలేకపోయినది. వీడియో పంపుదమన్నచో కంప్యూటరు చెప్పు సమయము చూచి గృహస్థునకు పాత కోపము తిరిగి వచ్చెను. అదే వారమున హైదరాబాదునుండి అన్నగారి కుమారుడు, దూరసంచార ఇంజనీరు, ఆఫీసు పనిమీద ఢిల్లీ వచ్చి వారింట దిగెను. భోజనము ముగిసిన తరువాత ఫైలు తెచ్చి అతని ముందు పెట్టిరి. అతడు ఫైలు తెరువలేదు. తెరమీది అంకె చూచెను.

‘‘బాబాయిగారూ, మీది మూడు వందల ప్లానే కదండీ?’’

‘‘ఆఁ. పధ్నాలుగు నెలల బిల్లులు ఉన్నాయి, చూస్తావా?’’

‘‘అక్కర్లేదండీ. ఈ పదకొండు పాయింటు మూడు ఉందే, ఇది వంద దారికి వేలిముద్ర లాంటిది. కంపెనీ తీగ తక్కువ ఇస్తుంటే అంకె రోజుకోలా ఊగుతుంది. ఇది ఊగడం లేదు. ఇంట్లోనే ఎక్కడో వంద గుమ్మం ఉంది.’’

గోడ పెట్టెనుండి కంప్యూటరు గదికి పోవు తీగను అతడు గోడవెంట తడుముకొనుచు పోయి, చివరనున్న చిన్న ప్లాస్టిక్కు కొక్కెమును వెలుతురులో పెట్టి చూపెను. తీగలో ఎనిమిది తంతులున్నవి. బిగించినవాడు నాలుగింటిని మాత్రము కొక్కెములోనికి దూర్చి, తక్కిన నాలుగును పనికిరావని కత్తిరించి పారవేసినాడు. నూరు ప్లాను నాడు ఆ నాలుగును చాలినవి. 200 కును, 300 కును మారిన పిమ్మటను ఆ గుమ్మము నూరుగనే నిలిచిపోయినది. కంపెనీ మనిషి పరికరమును గోడ పెట్టెకు తగిలించెను గదా. అది గుమ్మమునకు ఇవతల ఉన్నది, అందులో 100 నిజముగనే కనబడినది. ఆయన అబద్ధము చెప్పలేదు. అయినను చందాదారుని గదిలోనికి ఒక్కమారు వచ్చి తీగ కొస చూచియుండవచ్చును.

కొత్త కొక్కెము ఖరీదు ఒక కాఫీ ఖరీదుకన్న తక్కువ. అది బిగించిన రాత్రి తెరమీద 34 కనబడెను. గృహిణి ఊరకుండలేక, ‘‘ఇన్నాళ్ళు కట్టిన డబ్బు?’’ అని అడిగెను. ఆ ప్రశ్నకు ఇంజనీరు వద్ద జవాబు లేదు.

ఫిర్యాదు వ్రాయదలచినవారు ఎట్లు వ్రాయవలెనో ఆ రాత్రి కుదిరిన మాటలనుండి తెలియుచున్నది. వేగమును మెగాబిట్లలోనే చెప్పవలెను, కంపెనీ ఒప్పందము ఆ భాషలో ఉన్నది గనుక. వైఫైమీద కొలిచినదానిని వ్రాయరాదు. కంపెనీ పెట్టెకే తీగ తగిలించి కొలువవలెను. ఏ దినమున ఏ గంటకు ఎంత వచ్చినదో నాలుగైదు పర్యాయములు గుర్తించి పెట్టవలెను. సాయంకాలము ఎనిమిది, పది గంటల నడుమ తగ్గి, వేకువన పెరిగినచో ఆ లోపము ఇంటిది కాదు. ఇట్టి కాగితమును నిరాధారమని మూసివేయుట ఎవరికిని సులభము కాదు. మొదటి కాగితము మాత్రము, మెగాబైట్లను మెగాబిట్లుగా భ్రమించి వ్రాసినది, ఇంకను వారి దస్త్రములో ఉన్నది. దానిని వెనుకకు తీసికొనుచు గృహస్థు స్వయముగా ఒక ఉత్తరము వ్రాసెను. ప్రభుత్వోద్యోగి తన నోటును తానే రద్దుచేయుట చిన్న విషయము కాదు.

ఇక మిగిలినది తెనాలి. ఇచ్చటినుండి 6 గిగాబైట్లు మూడు నిమిషములలోపల బయలుదేరగలవు. అచ్చట అమ్మమ్మ చేతిలోనిది రోజుకు 2 గిగాబైట్ల ఫోను. మూడు రోజుల భత్యమును వేరొక దానికి ముట్టకుండ దీనికే వెచ్చించినచో గాని రాదు. అందులో డాక్టరుతో మాట్లాడవలసిన రోజొకటి ఉన్నది. ఇంజనీరు వీడియోను ఒకటిన్నర గిగాబైటుకు కుదించెను; ముఖకవళికలు చెదరకుండ, వెనుకనున్న తెర రంగులు కొంచెము మాసినను పరవాలేదని మనుమరాలు ఒప్పుకొనెను. అమ్మమ్మ ఇంటిలో ఫోను వేగము కొలిపించగా సెకనుకు 10 మెగాబిట్లని తెలిసినది. గృహస్థు కవరు వెనుక పెన్సిలుతో తానే లెక్కకట్టెను. ఒకటిన్నర గిగాబైటు అనగా 1,500 మెగాబైట్లు; ఎనిమిదిచే గుణింపగా 12,000 మెగాబిట్లు; పదిచే భాగింపగా 1,200 సెకండ్లు. అత్తగారికి ఫోను చేసి, ‘‘ఇరవై నిమిషాలండీ, ఇరవై నిమిషాల్లో చూస్తారు’’ అని చెప్పి, గడియారము ఎదుట పెట్టుకొని కూర్చుండెను.

ఇరువది నిమిషములు గడచినవి. ఫోను మ్రోగలేదు. ఆయన లేచి మరల తీగవద్దకు పోబోవుచుండగా, ఇరువదిరెండవ నిమిషమున, మ్రోగెను. అవతల అమ్మమ్మ ఏడ్చుచున్నదో నవ్వుచున్నదో తెలియలేదు. గజ్జెల చప్పుడు మాత్రము స్పష్టముగ వినబడుచున్నది. గృహస్థుడు పెన్సిలు తీసికొని, తన లెక్కలో కవరు బరువు వేయుట మరచినట్లు కనిపెట్టి, దానిని సవరించెను.